పొయ్యి దగ్గర పొట్టి అడుగు

తక్ మల్సుక్ అరవయ్యో ఏట ఒకే ఒక్క అడుగు దగ్గర ఫెయిలైంది.

పడిపోలేదు, తడబడలేదు. సియోల్‌లో, నల్ల బెల్టులో ఆరో మెట్టుకి పెట్టే పరీక్షలో, పెద్ద హాలు మధ్య నిలబడి, ఎదురుగా లేని శత్రువుల్ని వరసబెట్టి కొట్టింది, తన్నింది, అడ్డుకుంది. దాన్ని వాళ్ళు పూమ్సే అంటారు. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో, ఏ కాలు ఎటు తిరగాలో పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు. ఎక్కడ మొదలుపెడితే అక్కడికే వచ్చి ఆగాలి. మల్సుక్ ఆగింది. ఆగి కిందకి చూసుకుంటే, మొదలుపెట్టిన గీతకి జానెడు ముందే ఉంది. తిరుగుదారిలో ఒక అడుగు పొట్టిగా పడింది.

పరీక్ష పెట్టినవాళ్ళలో ఒకాయన ఆమెకంటే బాగా చిన్నవాడు. లేచి వంగి నమస్కారం పెట్టి మరీ, ఇది మీకు చిన్నప్పటి అలవాటులా ఉందమ్మా, సరిచేసుకుని మళ్ళీ రండి అన్నాడు. అంత మర్యాదగా చెప్పకుండా కసిరినా బాగుండేది అనుకుంది మల్సుక్. కసిరితే కోపమైనా వచ్చేది. మర్యాదకి ఏం చేస్తాం, తల వంచుకుని చెప్పులేసుకోవడం తప్ప.

బస్సులో కొండలు దాటుకుంటూ తన ఊరు ముఖో రేవుకి తిరిగొచ్చేదాకా ఆమె ఆలోచించింది పరీక్ష గురించి కాదు, చిన్నప్పుడు తనకి విద్య నేర్పిన యోమ్ మాస్టారి గురించి. అంతకు ముందు చలికాలంలో ఆయన్ని గంగ్నంగ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో చేర్చినప్పుడు, మళ్ళీ వచ్చేది ఆరో మెట్టు బెల్టు కట్టుకునే అని గొప్పగా చెప్పి వచ్చింది. ఆయన నవ్వి, ఆలస్యం చెయ్యకు అన్నాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? వెళ్ళలేదు. ఈ వారం కాదు, పై వారం. పండగ వెళ్ళాక. బెల్టు వచ్చాక. అలా వాయిదా వేసుకుంటూ పోయింది. మల్సుక్ చెడ్డ మనిషేం కాదు. కాకపోతే గురువు ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఆ మధ్యలో దూసిక్ వెళ్ళి చూసి వచ్చాడు. దూసిక్ ఆమెతోపాటు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే, నాలుగేళ్ళు పెద్ద. ఇప్పుడు రేవులో పచ్చి చేపల హోటలు నడుపుతున్నాడు. పొట్ట ముందుకొచ్చింది కానీ నోరు మాత్రం అలాగే ఉంది.  ఆశ్రమం నుంచి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చి చెప్పాడు.

“నన్ను వాళ్ళ తమ్ముడనుకున్నాడే. ఆ తమ్ముడు పోయి ఎన్నేళ్ళయిందో. సొంత కూతుర్ని నర్సమ్మా అని పిలుస్తున్నాడంట. మొహాలు మొత్తం పోయాయి మల్సుక్.”

 ఆలస్యం చెయ్యకు అని ఆయన ఎందుకన్నాడో మల్సుక్‌కి అప్పుడు తెలిసింది.

కానీ దూసిక్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఆశ్రమంలో టీవీలో పిల్లల పోటీలేవో వస్తుంటే, మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక్కొక్కరికీ వంకలు పెట్టాడట. భుజం లేచింది అన్నాడట, మడమ తేలిపోతోంది అన్నాడట. ఒక్కటీ తప్పు చెప్పలేదట. మొహాలు పోయాయి కానీ పూమ్సే పోలేదన్నమాట. ఆ మాట పట్టుకుని మల్సుక్ ఏడాది బతికింది. మొహం చూసి పోల్చుకోలేకపోతే పోనీ, పూమ్సే చూసి పోల్చుకుంటాడు. ఇంకెవరు నేర్పారు గనక? తప్పు లేకుండా చేసి, కొత్త బెల్టుతో ఆయన ముందు నిలబడితే, మల్సుక్ అంటాడు. ఆ ఒక్క పిలుపు చాలు.

దానికి ముందు ఆ అడుగు పొడుగవ్వాలి.

మల్సుక్ సొంత దోజాంగ్, అంటే పిల్లలకి తైక్వాండో నేర్పే హాలు, కోడి వేపుళ్ళ కొట్టు పై అంతస్తులో ఉంది. పసుపు వ్యాను తనే తోలుకెళ్ళి బడి దగ్గర పిల్లల్ని ఎక్కించుకొస్తుంది. సాయంత్రం వాళ్ళని ఇళ్ళకి దింపేశాక, ఒకప్పటి తన శిష్యురాలు నారే వచ్చేది. నారే పూమ్సే పోటీల్లో పతకాలు తెచ్చుకున్న పిల్ల. కాలి కింద అరంగుళం తేడా వచ్చినా కనిపెట్టేస్తుంది. నేల మీద టేపు అంటించి, ఇదిగో ఇక్కడ పడాలి కాలు అని చూపించేది. మల్సుక్ అన్నీ సరిగ్గా చేసి, ఆ చోటికి వచ్చేసరికి కాలు తనంతట తానే వెనక్కి గుంజుకునేది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే.

“మేడమ్, అసలు అక్కడేముంది?” అంది నారే ఒకరోజు ప్రాణం విసిగి. “ఏదో పాముని చూసినట్టు ఆగిపోతున్నారు.”

“పొయ్యి ఉంది.”

“ఎక్కడ?”

“అక్కడే. నువ్వింకా పుట్టలేదులే.”

నారే కింద నేలనీ, మేడమ్ మొహాన్నీ మార్చి మార్చి చూసి, రేపొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

పొయ్యి మాత్రం నిజంగానే ఉండేది.

యోమ్ మాస్టారి దోజాంగ్ రేవు పక్కన, స్క్విడ్ చేపలు ఎండబెట్టి నిలవచేసే గోడౌను పైన ఉండేది. మెట్లెక్కుతుంటేనే ఆ వాసన బట్టలకి పట్టేసేది. మిగతా దోజాంగ్‌ల పిల్లలు పోటీల్లో ఎదురైతే ముక్కు మూసుకుని, వచ్చార్రా ఎండు చేపలు అనేవాళ్ళు. ఆ వెక్కిరింతకి వీళ్ళు నోటితో సమాధానం చెప్పేవాళ్ళు కాదు, బరిలో కాలితో చెప్పేవాళ్ళు. నేల అంతా పాత చెక్క పలకలు. పలకల సందుల్లోంచి కింద ఆరేసిన చేపలు తెల్లగా కనిపించేవి.

అక్కడ ఎవరెక్కడ నిలబడాలో బెల్టు చెబుతుంది. జెండా దగ్గర, ముందు వరసలో నల్ల బెల్టులు. వాళ్ళ వెనక ఎరుపు, ఆ వెనక నీలం, ఆ వెనక పసుపు. అందరికంటే వెనక, తలుపు దగ్గర, తెల్ల బెల్టులు. రంగు మారితే వరస మారుతుంది, ఒక్కో పరీక్ష గడిచిన కొద్దీ తలుపుకి దూరంగా, జెండాకి దగ్గరగా జరుగుతారు. అంతే తప్ప, నాకు ఇక్కడ చలేస్తోంది, నేను ముందు నిలబడతాను అంటే కుదరదు. దేశాధ్యక్షుడి కొడుకైనా తెల్ల బెల్టు కట్టుకుంటే తలుపు దగ్గరే.

మల్సుక్ చేరిన ఏడాది తెల్ల బెల్టుల్లో అందరికంటే చిన్నది ఆమే. ఆ వరసలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల కూడా ఆమే. అంటే తలుపుకి ఆనుకుని నిలబడాలి. సముద్రం మీంచి వచ్చే గాలి ముందుగా ఆమెని పలకరించి, ఆ తర్వాతే లోపలికి వచ్చేది. ఆ తలుపు గొళ్ళెం సరిగ్గా పడేది కాదు. గాలికి తెరుచుకున్నప్పుడల్లా మాస్టారు లెక్క చెప్పడం ఆపకుండానే, “మల్సుక్, తలుపెయ్యి, గాలొస్తోంది” అనేవాడు. ఆమె పరిగెత్తుకెళ్ళి వేసి వచ్చేది. పెద్దవాళ్ళు ఆమెకి తలుపమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది దూసికే. ఇప్పటికీ ఒప్పుకోడు.

బొగ్గు బిళ్ళలతో మండే ఇనప పొయ్యి ఒకటి మొదట్లో జెండా పక్కన మూలన ఉండేది. దాని గొట్టం కిటికీలోంచి బయటికి పోయేది. ముందు వరసవాళ్ళకి ఒంటికి వెచ్చగా, వెనక వరసవాళ్ళకి కంటికి మాత్రం ఎర్రగా ఉండేది. మల్సుక్ చేరిన మొదటి చలికాలం, ఒకరోజు వచ్చి చూస్తే పొయ్యి మూలన లేదు. హాలు మధ్యకి వచ్చేసింది. పైకప్పుకి తీగలు కట్టి, వాటికి పొడుగాటి గొట్టం వేలాడదీసి ఉంది. పొయ్యి మీద సొట్టలు పడ్డ కెటిల్లో బార్లీ నీళ్ళు మరుగుతున్నాయి. ఎందుకు జరిపారని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో మాస్టర్లని ఎందుకు అని అడిగే అలవాటు లేదు. పొగ రాకుండా జరిపాడని ఒకడన్నాడు, ఎలకలకి భయపడి అని ఒకడన్నాడు. ముందు వరసలో వెచ్చదనం పోగొట్టుకున్న దూసిక్ మాత్రం వారం పాటు గొణిగాడు.

చిక్కంతా నల్ల బెల్టు పూమ్సేతో వచ్చింది. దాన్ని హాలు మధ్యలో ఒక్కొక్కరే చేసి చూపించాలి. తిరుగుదారిలో పెద్ద అడుగు వేస్తే మోకాలు తిన్నగా పొయ్యికి తగులుతుంది. ఒకరిద్దరికి లాగులు కాలాయి. దాంతో అందరూ అక్కడికి రాగానే ఒక అడుగు పొట్టిగా వెయ్యడం నేర్చుకున్నారు. వేసవిలో పొయ్యి తీసేసేవాళ్ళు. నేల మీద నల్లటి గుండ్రటి మచ్చ ఉండిపోయేది. కాళ్ళు ఆ మచ్చకి కూడా భయపడేవి. ఊళ్ళో పరీక్షలు పెట్టేవాళ్ళు మార్కు కోసి, చూసీచూడనట్టు పాస్ చేసేవాళ్ళు. మాస్టారు కూడా దిద్దలేదు. భుజం వెంట్రుకవాసి లేస్తే బెత్తం చూపించే మనిషి, ఆ అడుగు దగ్గర మాత్రం కిటికీలోంచి సముద్రం చూస్తుండేవాడు.

చెమట, స్క్విడ్, బొగ్గు కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా దొరకదు. కసరత్తు అయ్యాక అందరూ పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు. మాస్టారు మూత మీద చిలగడదుంపలు కాల్చి, చేతులు మార్చుకుంటూ తుంచి పంచేవాడు. అప్పుడు మాత్రం బెల్టుల వరస తిరగబడేది. మొదటి ముక్క తెల్ల బెల్టుకి, చివరి ముక్క నల్ల బెల్టుకి. ఏళ్ళు గడిచాక గోడౌను పడగొట్టి అక్కడ కాఫీ హోటల్ కట్టారు. మల్సుక్ ఆ హోటల్లో ఒకసారి కూర్చుంది. కాఫీ పూర్తిగా తాగకుండానే లేచి వచ్చేసింది.

అడుగు దగ్గరికి వద్దాం. మనిషి పట్టుబడితే కాలు ఎన్నాళ్ళు మొండికేస్తుంది? నారే పోరు, మల్సుక్ పంతం కలిసి, ఆ ఏడాది శరత్కాలానికి అడుగు టేపు మీద పడటం మొదలైంది. మొదట పదిసార్లకి ఒకసారి, తర్వాత రెండుసార్లకి ఒకసారి, ఆ తర్వాత ఎప్పుడూ. మొదటిసారి గీత మీద సరిగ్గా ఆగిన రోజు నారే చప్పట్లు కొట్టింది. మల్సుక్ కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక ఎందుకో అన్నం సయించలేదు. ఎవరినో ఇంట్లోంచి పంపించేసినట్టు అనిపించింది. ముసలితనపు చాదస్తం అని తనని తనే తిట్టుకుని, గిన్నెలు కడిగి పడుకుంది.

చలికాలంలో సియోల్ వెళ్ళింది. పాసైంది. పోయినసారి పరీక్ష పెట్టినాయనే ఈసారి కూడా లేచి వంగి నమస్కారం పెట్టాడు. కొత్త బెల్టు వచ్చింది. దాని మీద బంగారు దారంతో తక్ మల్సుక్ అని కుట్టి ఉంది. ఆ బెల్టు పెట్టె ఒళ్ళో పెట్టుకుని దూసిక్ కారెక్కింది. దారిలో ఆగి, కాల్చిన చిలగడదుంపలు కొన్నారు.

“ఆయన పోల్చుకోకపోతే ఏడవకు,” అన్నాడు దూసిక్ స్టీరింగ్ మీంచి కళ్ళు తియ్యకుండా. “నువ్వేడిస్తే నాకూ ఏడుపొస్తుంది. పొట్టేసుకుని ఏడిస్తే బాగోదు.”

ఆశ్రమం హాల్లో నేల వెచ్చగా ఉంది. కిటికీలూ తలుపూ అన్నీ వేసే ఉన్నాయి. గోడ వారగా కూర్చున్న అవ్వలు కొందరు బఠాణీలు ఒలుస్తున్నారు. మాస్టారు చక్రాల కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటితో, కోట్ల కొక్కేనికి వేలాడదీసిన చొక్కాలా ఉన్నాడు. చేతులు మాత్రం అవే. ముందు రెండు వేళ్ళ కణుపులూ రాళ్ళలా ఉన్నాయి. మల్సుక్ నేలకి తల ఆనించి దండం పెట్టింది. ఆయన కూడా మర్యాదగా తల వంచి, ఎవరి తాలూకు మీరు, బయట మంచు పడుతోందా అని అడిగాడు. దూసిక్ ఆమె బెల్టు కొస ఆయన చేతిలో పెట్టి పేరు చూపించాడు. ఆయన బంగారు దారం తడిమి చూసి, మంచి నాణ్యమైన బెల్టు అన్నాడు. అక్షరాలు ఆయనతో మాట్లాడటం ఎప్పుడో మానేసినట్టున్నాయి.

పరవాలేదు అనుకుంది మల్సుక్. అక్షరాల మీద ఆమె ఆశ పెట్టుకోలేదు. మేజోళ్ళు విప్పి, హాలు మధ్యకి వెళ్ళి నిలబడింది. ఈవిడ డాన్సు చేస్తుందా అని ఒక అవ్వ అడిగింది. కాదు, దెబ్బలాడుతుంది అంది ఇంకో అవ్వ. ఎవరితో అని మొదటావిడ మళ్ళీ అడిగింది.

మల్సుక్ మొదలుపెట్టింది. మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఆమె పాదాల మీదికి దిగాయి, అక్కణ్ణుంచి కదల్లేదు. ఆమె ఒంట్లో అరవై ఒక్కేళ్ళు ఎటుపోయాయో తెలియదు. తిరుగుదారిలో ఆ చోటు వచ్చింది. కాలు నిండుగా, పొడుగ్గా, ఎక్కడ పడాలో అక్కడ పడింది. చివరి దెబ్బ కొట్టి, మొదలుపెట్టిన చోటే వచ్చి ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. జీవితంలో ఆమె ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు.

మాస్టారు మెల్లగా తలాడించాడు.

“చాలా బాగా చేశారండీ. తప్పన్నది లేదు,” అన్నాడు. “ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

 మీ దగ్గరే మాస్టారూ అంది మల్సుక్.

ఆయన చిన్నపిల్లలు అబద్ధం చెబితే నవ్వినట్టు నవ్వాడు.

“లేదండీ. నా పిల్లలు అయ్యుంటే అక్కడ అడుగు పొట్టిగా వేస్తారు. అక్కడ పొయ్యి ఉంటుంది కదా. మీరు దాంట్లోకి నడిచేశారు.”

అవ్వలు బఠాణీలు ఒలవడం ఆపేశారు.  మల్సుక్ ఏడాది కష్టపడి, తప్పంతా దిద్దుకుని, ఆయన్ని చేరుకోవడానికి ఉన్న ఒక్క దారినీ తనే చెరిపేసుకుంది. అప్పుడు దూసిక్, చిన్నప్పుడు అడిగే ధైర్యం లేని మాట, మనవలు పుట్టాక అడిగాడు.

“పొయ్యి మూలన బాగానే ఉండేది కదా మాస్టారూ. మధ్యకి ఎందుకు తెచ్చారు?”

మాస్టారు చుట్టూ చూసి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

“తలుపు దగ్గర ఒక పిల్ల నిలబడేదండీ. తెల్ల బెల్టు. వాళ్ళమ్మ రేవులో చేపలు కోసేది. ఆ పిల్ల చలికి పిడికిలి బిగిస్తే, మళ్ళీ వేళ్ళు విప్పుకోలేకపోయేది. నోరు తెరిచి చలేస్తోంది అనేది కాదు. మొండిఘటం. బెల్టు రాకుండా ముందుకి పిలవలేను కదా, పిలిస్తే మిగతావాళ్ళు దాన్ని బతకనిస్తారా? పిల్లని ముందుకి తేలేకే, పొయ్యిని వెనక్కి జరిపాను.” దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు. “అందరి అడుగూ పాడైంది. తెలుసు. తెలిసే వదిలేశాను. అడుగు తర్వాత దిద్దుకోవచ్చు, వేళ్ళు పోతే మళ్ళీ రావు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఏమో.”

దూసిక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మల్సుక్ తన రెండు చేతులవైపు చూసుకుంది. ముడతలు పడ్డాయి, మచ్చలొచ్చాయి, కానీ వేళ్ళన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళుగా తను తప్పు అనుకున్నది, ఏడాదిపాటు నేల మీద టేపు అంటించి మరీ వదిలించుకున్నది, తన కోసం మాస్టారు చేసింది. ఆయన దోజాంగ్ మొత్తాన్నీ ఆమె కోసం కొంచెం వంకరగా నడిపించాడు. ఆమెకి ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ మధ్యకి వెళ్ళింది. లోపల భయంగానే ఉంది. అంత పట్టుబట్టి మాన్పించిన అడుగు, పిలిస్తే వస్తుందా? మొదలుపెట్టింది. ఈసారి గీతలు చూడలేదు, గోడలు చూడలేదు. తిరుగుదారిలోకి వచ్చేసరికి ఎడమ మోకాలికి వేడి తగిలింది. కెటిల్ సొట్టలు కనిపించాయి. కాలు దానంతట అదే వెనక్కి గుంజుకుని, పొట్టిగా పడింది. చివరి దెబ్బ కొట్టి ఆగేసరికి, మొదలుపెట్టిన చోటికి చేరలేదు. మాస్టారి కుర్చీకి జానెడు దగ్గరగా ఆగింది.

మాస్టారు ఆమె పాదాల్ని చూశాడు. పాదాల మీంచి చూపు మెల్లగా పైకి జరిగి, తడిసిన మొహం దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. కనుబొమలు ముడుచుకున్నాయి. లెక్క చెబుతూ మధ్యలో కసిరే పాత గొంతుతో అన్నాడు.

“మల్సుక్, తలుపెయ్యి. గాలొస్తోంది నీకు.”

తలుపు వేసే ఉంది. మల్సుక్ పరిగెత్తుకెళ్ళి, దాన్ని కాస్త తెరిచి, మళ్ళీ గట్టిగా వేసి, వచ్చి ఆయన ముందు నిలబడింది.